ట్రీస్టాండ్ వీపున మోసుకెళ్తే బ్యాగు చిరగకుండా ఏం చేస్తున్నారు?

గోదారోడు_గ్రాండ్‌రాపిడ్స్
అందరికీ నమస్తే అండి. జింకల వేటకి చెట్టుకి బిగించి పైన కూర్చునే లాక్‌ఆన్ స్టాండ్ ఈ ఏడాదే కొన్నా, స్టాండే 14 పౌన్ల దాకా ఉంది, చెట్టెక్కడానికి మెట్లలా కట్టుకునే క్లైంబింగ్ స్టిక్కులు నాలుగు అదనం. ఇన్నాళ్ళూ తెలిసిన పెద్దాయన పొలంలో నిచ్చెన స్టాండ్ ఉంటే దాని మీదే కూర్చునేవాణ్ణి కాబట్టి మోసే గొడవే లేదు. ఆయన పొలం అమ్మేసుకుని ఫ్లోరిడా వెళ్ళిపోయాడు, ఇక నాకు దిక్కు ఆలెగాన్ స్టేట్ గేమ్ ఏరియా అనే ప్రభుత్వ వేట అడవే, పార్కింగ్ నుంచి నేను చూసుకున్న ఓక్ చెట్లదాకా మైలు పైనే నడక.

నా దగ్గర 45 లీటర్ల హైకింగ్ బ్యాగు ఉంది, నడుం బెల్టు అదీ బాగుంటది, మా ఆవిడ పుట్టినరోజుకి కొనిచ్చింది. గరాజ్‌లో స్టాండ్ దానికి బంగీ తాళ్ళతో కట్టి డ్రైవ్‌వే మీద అటూ ఇటూ నడిచానంతే, చెట్టుని పట్టే స్టాండ్ బ్రాకెట్ పళ్ళు తగిలిన చోట అప్పుడే గుడ్డ నూలు లేచింది, పక్కల కంప్రెషన్ స్ట్రాపులు కుట్టు దగ్గర లాగేస్తున్నాయి. అక్టోబర్ 1న బో (విల్లు) వేట సీజన్ మొదలు. ఏం చెయ్యమంటారు? కొత్త బ్యాగు కొనమని మాత్రం అనకండి బాబూ, బో కొన్నప్పటి బిల్లు గురించే ఇంకా మాటలు పడుతున్నా.

సాడిల్_సాంబడు
స్టాండ్ అమ్మెయ్, సాడిల్ కొనుక్కో, అదే, చెట్టుకి వేలాడుతూ కూర్చునే పట్టీ. ప్లాట్‌ఫామ్ మూడు పౌన్లు, సాడిల్ నడుంకి కట్టుకునే నడిచెళ్ళిపోవచ్చు, బ్యాగు చిరిగే ప్రశ్నే రాదు 😄

పాలమూరు_పోరడు
వచ్చిండు మా సాంబన్న! ఎవడేమడిగినా సాడిల్ కొను. ఆయన బ్యాగు గురించి అడుగుతుండు అన్నా, మతం మార్చుకోమంటవేంది.

గోదారోడన్నా, నువ్వు బ్యాగుకి స్టాండ్ కడుతున్నవ్, ఉల్టా చెయ్యాలె. స్టాండ్‌కే బ్యాగు కట్టాలె. ఎందుకంటె నీ బ్యాగు గుడ్డ, స్టాండేమో అల్యూమినియం, రెండిట్ల ఏది ఫ్రేమ్ అయితదో నువ్వే చెప్పు. స్టాండ్ వీపుకి దగ్గర ఉండాలె, దాని వెనకాల బట్టలు, చెట్టు మీంచి పడకుండా కట్టుకునే హార్నెస్, బువ్వ డబ్బా ఉన్న తేలిక బ్యాగు ఉండాలె. మా ఊరి మార్కెట్ యార్డుల హమాలీ వడ్ల బస్తా ఎట్ల మోస్తడు, మెడకి వీపుకి అతుక్కున్నట్టు పెట్టుకుంటడు గద, జానెడు దూరంల వేలాడేసుకొని నడువడు. నీ బ్యాగుల జాకెట్టు, చలికి వేసుకునే బిబ్బు ప్యాంట్లు కుక్కి దాని వెనకాల స్టాండ్ కడితె ఆ బరువు నీ వెన్నెముకకి అడుగు దూరం పోతది, భుజాలు వెనక్కి గుంజుతయ్, కుట్లు గుంజుతయ్. స్టాండ్ 14 పౌన్లే కావొచ్చు, అడుగేసినప్పుడల్లా ఊగుతది కాబట్టి కుట్టు మీద పడేది అంతకు ఎక్కువే.

చాలా స్టాండ్లకి భుజం పట్టీలు తగిలించే చోట్లు ఉంటయ్, నీదానికి ఉన్నయా చూడు.

గోదారోడు_గ్రాండ్‌రాపిడ్స్
ఉన్నాయి తమ్ముడూ, పట్టీలు కూడా ఇచ్చారు గానీ అవి సీట్ బెల్ట్ ముక్కల్లా ఉన్నాయి, మెత్త అనేదే లేదు. పావు గంట వేసుకుంటే భుజం మీద గీత పడింది. అందుకే కదా నడుం బెల్టు ఉన్న నా బ్యాగు వాడదామని చూస్తుంటా. ఈ బ్యాగునే వాడి స్టాండ్‌ని వీపుకి దగ్గరగా తెచ్చే దారి ఏదైనా ఉందా?

డెట్రాయిట్_బోల్టు
ఉంది. కొంచెం పెద్ద పోస్ట్ అవుద్ది, ఓపిగ్గా చదువు.

ముందు బ్యాగు ఎక్కడ పాడవుద్దో తెలియాలి. కంప్రెషన్ స్ట్రాప్ కుట్టు లోపలున్న సామాను నొక్కి పట్టడానికి వేసింది, బయట వేలాడే బరువు మొయ్యడానికి కాదు. కుట్టుని గుడ్డ వెంబడి లాగితే చాలా బరువు ఆపుద్ది, అదే గుడ్డ మీంచి పైకి పీకినట్టు లాగితే ఒక్కో పోగు తెగుతా వస్తది. స్టాండ్ వెనక్కి వేలాడితే జరిగేది ఆ పీకుడే. జిప్పు కూడా అంతే, పక్కకి లాగుడు పడితే పళ్ళు విడిపోతాయి. అందుకని బ్యాగు సొంత స్ట్రాపులు, వెనకాల వరసగా కుట్టి ఉండే లూపులు, వీటికి స్టాండ్ బరువు అస్సలు ఇవ్వకు.

ఇప్పుడు కట్టుడు. బ్యాగు మెయిన్ పాకెట్ పూర్తిగా ఖాళీ చెయ్. అవును ఖాళీనే, అట్ట ముక్కలాగా అణిగిపోవాలి. బ్యాగుని భుజం పట్టీలు నేలకి ఉండేట్టు బోర్లా పడుకోబెట్టి దాని మీద పాత క్యాంపింగ్ ఫోమ్ మ్యాట్ ముక్క ఒకటి వెయ్, బ్యాగు కంటే వేలెడు వెడల్పుగా కత్తిరించు. స్టాండ్ మడిచి ప్లాట్‌ఫామ్ చదును వైపు ఫోమ్ మీదకి, పళ్ళ బ్రాకెట్ ఆకాశం వైపుకి పెట్టు. నువ్వు ఇప్పుడు పళ్ళు బ్యాగు వైపు పెట్టావని నీ పోస్ట్ చూస్తే అర్థమవుతోంది. ఆ పళ్ళకి గార్డెన్ హోస్ ముక్క పొడుగ్గా చీల్చి తొడుగు. ప్లాట్‌ఫామ్ పక్కల కేబుల్ బిగించే బోల్టు తలలు పొడుచుకొస్తాయి, వాటికి హార్డ్‌వేర్ షాపులో దొరికే కుర్చీ కాళ్ళ రబ్బరు టోపీలు సరిపోతాయి.

అంగుళం వెడల్పు క్యామ్ బకిల్ స్ట్రాపులు, అంటే చేత్తో లాగి బిగించేవి, మూడు తీసుకో. రెండు అడ్డంగా, స్టాండ్ మీంచి వచ్చి బ్యాగు వీపు పలకకీ భుజం పట్టీలకీ మధ్యలోంచి దూరి మళ్ళీ స్టాండ్ మీదకి రావాలి. అంటే బ్యాగుని, లోపలి ఫ్రేమ్‌ని, స్టాండ్‌ని మూటలాగా ఒకే చుట్టులో కట్టేస్తున్నావ్, కుట్టుకి పనే లేదు. మూడోది నిలువుగా, స్టాండ్ అడుగు కిందనుంచి పైన ఫ్రేమ్ తలదాకా. ఈ మూడోది లేకపోతే నడిచే కొద్దీ స్టాండ్ జారి పిర్రల మీదకి వస్తది. బకిల్స్ అన్నీ బయట వైపుకి రావాలి, వీపుకి గుచ్చుకోకుండా.

పిడి ఆడించి బిగించే రాచెట్ స్ట్రాపులు వద్దు. రాచెట్‌తో ఎంత బిగిస్తున్నావో చేతికి తెలియదు, బ్యాగు లోపలి అల్యూమినియం పట్టీలు వంగిపోతాయి. బంగీ తాళ్ళు అంతకంటే దండగ, సాగుతాయి కాబట్టి స్టాండ్ ఊగుద్ది, ఊగితే రాసుకుంటది, రాసుకుంటే గుడ్డ పోద్ది.

ఖాళీ చేసిన బట్టలు ఒక డ్రై బ్యాగులో పెట్టి స్టాండ్ బయట వైపు కట్టెయ్. పోరడు చెప్పింది అదే, తేలికవి బయటికి.

పాలమూరు_పోరడు
గదే నేను చెప్పింది, నువ్వు ఇంజనీర్ లెక్క చెప్పినవ్ 😂 హోస్ ముక్క ఐడియా మస్తుంది.

పెన్సిల్వేనియా_అక్క
బోల్టు గారు చెప్పిన కట్టుడు బాగుంది. పొట్టివాళ్ళ గోల కూడా కొంచెం వినండి. నేను అయిదడుగుల రెండంగుళాలు, మావన్నీ కొండలు, మీ మిషిగన్‌లాగా చదును కాదు. స్టాండ్ కిందకి ఉంటే దిగేటప్పుడు అడుగడుక్కీ పిక్కలకి కొడుతుంది, పైకి ఉంటే తల వెనక్కి తిప్పలేం, కొమ్మలకి తగులుకుంటుంది. నాకు కుదిరిన పద్ధతి ఏంటంటే స్టాండ్ పై అంచు తల కంటే పైకి రాకుండా చూసుకుని, మిగిలింది ఎంతైతే అంత కిందకి వదిలెయ్యడం, నడుం బెల్టు కింద జానెడు కంటే ఎక్కువ వేలాడితే ఆ స్టాండ్ నాకు పెద్దదన్నమాట, అమ్మేసి చిన్నది తీసుకున్నా.

ఇంకోటి, నడుం బెల్టు ముందు బిగించి తర్వాత భుజం పట్టీలు లాగండి. మగవాళ్ళు చాలామంది భుజాలు బిగించేసి బెల్టు ఏదో అలంకారానికి పెట్టుకుంటారు. బరువంతా తుంటి ఎముక మీద కూర్చోవాలి. బెల్టు సరిగా పడితే భుజం పట్టీ కింద రెండు వేళ్ళు సులువుగా దూరతాయి.

స్టిక్కులు ఎక్కడ కడుతున్నారు? పక్కలకి కడితే వెడల్పు పెరిగి ప్రతి చిన్న మొక్కకీ తగులుతాయి. ఆటమ్ ఆలివ్ పొదల్లో అయితే ఇక చెప్పక్కర్లేదు. నాలుగూ ఒకదాన్లో ఒకటి ఇమిడేలా పేర్చి స్టాండ్ మధ్య కమ్మీ పక్కనే కట్టండి, స్టాండ్ వెడల్పు దాటకూడదు.

సర్‌ప్లస్_బాబాయ్
ఇంత తంటా ఎందుకు పిల్లలూ. అమెరికా ఆర్మీ 1970లలో తెచ్చిన ఆలిస్ ఫ్రేమ్ అని ఉంటది, సర్‌ప్లస్ షాపుల్లో ఇప్పటికీ దొరుకుద్ది. అల్యూమినియం గొట్టాల ఫ్రేమ్, కింద పెట్టుకోవడానికి ఎల్ ఆకారంలో షెల్ఫ్ విడిగా దొరుకుద్ది. ఆ షెల్ఫ్ మీద స్టాండ్ కూర్చోబెట్టి రెండు స్ట్రాపులు వేసెయ్, అయిపోయింది. చిరగడానికి అక్కడ గుడ్డే లేదు. నీ మంచి బ్యాగు మీ ఆవిడతో హైకింగ్‌కి దాచుకో, ఇంట్లో శాంతి.

లోపాలు కూడా చెప్తా, తర్వాత నన్ను తిట్టొద్దు. కింది గొట్టం నడుం మీద నొక్కుద్ది, పాత నడుం మెత్త పోయుంటే దాని బదులు ఆర్మీదే మోలీ అనే సామాన్లోది తెచ్చి వేసుకో. రెండోది చప్పుడు. గొట్టం మీద స్టాండ్ తగిలితే టంగుమంటది, గొట్టాలకి సైకిల్ ట్యూబు చుట్టాలి. తర్వాత వచ్చిన మోలీ ప్లాస్టిక్ ఫ్రేమ్ చప్పుడు తక్కువ.

ఇప్పుడు మాంసం మోసే పెద్ద బ్యాగులు వస్తున్నాయి, ఫ్రేమ్‌కీ సంచికీ మధ్య ఖాళీ వదిలి అక్కడ బరువు పెట్టుకునేవి. ఎల్క్ (పెద్ద జింక) తొడ పెట్టేచోట స్టాండ్ భేషుగ్గా పడుద్ది. ధర చూస్తే మాత్రం నువ్వు చెప్పిన ఆ ఇంటి మాటలు ఇంకో రెండేళ్ళు సాగుతాయి.

కొత్తగా_వేట
మధ్యలో వస్తున్నందుకు సారీ అండి. నేను హెచ్‌1బీ మీద ఉన్నా, ఇదంతా చదువుతుంటే ఆశగా ఉంది. మనలాంటోళ్ళు వేటకి వెళ్ళొచ్చా అసలు? వీసాకి ఏమన్నా అవుద్దా?

డెట్రాయిట్_బోల్టు
విడిగా టాపిక్ పెట్టాల్సింది బ్రో, అయినా క్లుప్తంగా చెప్తా. బో అయితే ఫెడరల్ తుపాకీ చట్టం గొడవ లేదు, రాష్ట్రం లైసెన్స్ ఉంటే చాలు. తుపాకీ అయితే నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం, కానీ చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్ళకి మినహాయింపు కూడా అదే చట్టంలో ఉంది. లైసెన్స్ ఎక్స్‌పైర్ అయితే మినహాయింపు కూడా పోయినట్టే, అది గుర్తుంచుకో. తుపాకీ కొనేముందు మీ ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక్క మాట మాట్లాడు. మిషిగన్‌లో 1960 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు లైసెన్స్ తీసుకోవాలంటే ముందు హంటర్ సేఫ్టీ క్లాసు అవ్వాలి, దాంతో మొదలుపెట్టు.

నల్లమల_చుట్టం
మా మార్కాపురం సైడు ఇట్లా మంచె కట్టుకుని కూర్చుంటే ఎట్టుంటదో అన్నా 😅

సర్‌ప్లస్_బాబాయ్
జైల్లో ఉంటది. 1972 వన్యప్రాణి చట్టం ఉందిరా అబ్బాయ్. చేలో పందుల కాపలాకి మంచె ఎక్కు, చేతిలో డప్పు పట్టుకో, అంతవరకే.

క్లైంబర్_కృష్ణ
నా బాధ కూడా వినండి. నాది క్లైంబర్ స్టాండ్, స్టాండ్‌తోనే చెట్టెక్కేది, పైముక్క కిందిముక్క రెండూ కలిపి 20 పౌన్లు. లాక్‌ఆన్ లాగా చదునుగా మడవదు, సీటు ఉబ్బెత్తుగా ఉంటది, బోల్టు గారి పద్ధతిలో బ్యాగుకి కట్టడం కుదరదు. నేను చేసింది వేరే. స్టాండ్‌తో వచ్చిన సన్న పట్టీలు తీసేసి, చిరిగిపోయిన పాత బ్యాగు ఒకదాని భుజం పట్టీలు, నడుం బెల్టు షూ రిపేర్ షాపులో కోయించి కుట్టించి స్టాండ్‌కే బిగించా. రెండు ముక్కలూ ఒకదాన్లో ఒకటి దూర్చితే మధ్యలో గూడులాగా ఖాళీ వస్తది, చిన్న బ్యాగు ఆ గూట్లో పడుకుంటది. కేబుళ్ళు మాత్రం వదులుగా వదిలితే పామల్లే బయటికొచ్చి ముళ్ళకి చిక్కుకుంటాయి, చుట్టగా చుట్టి రబ్బరు స్ట్రాప్ వెయ్యాలి. వోలే స్ట్రాపులు అని స్కీయింగ్ వాళ్ళు వాడేవి దీనికి బాగుంటాయి, చలికి గట్టిపడవు, ఇనుముకి తగిలినా చప్పుడు చెయ్యవు.

ఒక ఆన్‌లైన్ షాపులో ట్రీస్టాండ్ క్యారియర్ అని చవగ్గా వస్తే కొన్నా, ప్లాస్టిక్ బకిల్ నవంబర్ చలికి చీకట్లో టప్‌మని విరిగింది. ఆ చప్పుడుకి నాకంటే ముందు జింకలే లేచిపోయాయి.

సాడిల్_సాంబడు
ఇందుకే సాడిల్

పాలమూరు_పోరడు
అన్నా ఆపు 🙏

పెన్సిల్వేనియా_అక్క
చప్పుడు సంగతి వచ్చింది కాబట్టి. స్టాండ్ చప్పుడు తగ్గించడానికి ఏది అంటించినా అది బ్యాగునీ కాపాడుతుంది, రెండు పనులూ ఒకేసారి. స్టెల్త్ స్ట్రిప్స్ అని మెత్తటి గుడ్డలాంటి స్టిక్కర్లు అమ్ముతారు, బాగుంటాయి కానీ ఖరీదు. హాకీ టేపు చవక, కాకపోతే తడిస్తే అంచులు లేస్తాయి. ఏది అంటించినా ముందు స్పిరిట్‌తో తుడిచి జిడ్డు పోగొట్టాలి, వెచ్చగా ఉన్న గదిలో అంటించాలి, చల్లటి గరాజ్‌లో అంటిస్తే మొదటి మంచుకే ఊడొస్తుంది. ప్లాట్‌ఫామ్ జాలీ మీద మాత్రం అంటించకండి, కాలు జారుతుంది. చెట్టుని పట్టే పళ్ళ మీద కూడా వద్దు. అక్కడ తీసి పెట్టుకునే తొడుగే ఉండాలి, చెట్టుకి కట్టేముందు తీసి జేబులో వేసుకోవాలి. హోస్ ముక్క పళ్ళకే వదిలేసి స్టాండ్ బిగిస్తే చెట్టుని పట్టదు, నించున్నప్పుడు తిరిగిపోతుంది. ఇది తేలిగ్గా తీసుకోకండి.

డెట్రాయిట్_బోల్టు
అక్క చెప్పింది నేనే ముందు రాయాల్సింది, ముఖ్యం. ఆ తొడుగుకి ఎర్ర టేపు వేస్తే హెడ్‌ల్యాంప్‌లో కనపడుద్ది.

గోదారోడు_గ్రాండ్‌రాపిడ్స్
అందరికీ థాంక్స్ అండి. వీకెండ్ కూర్చుని బోల్టు గారు చెప్పినట్టే కట్టా. ఫోమ్ మ్యాట్ మా అబ్బాయి స్లీపోవర్ మ్యాట్, వాడికి కొత్తది కొంటానని ఒప్పించా. నూలు లేచిన చోట లోపలి వైపు టెనేషస్ టేప్ (చిరుగులకి వేసే అతుకు టేపు) ముక్క మూలలు గుండ్రంగా కత్తిరించి అంటించా, బయట సీమ్ గ్రిప్ జిగురు పలచగా పూశా, ఆరాక అసలు తెలియట్లేదు.

తేడా అయితే మామూలుగా లేదు. బ్యాగు ఖాళీ చెయ్యమంటే మొదట అర్థం కాలేదు, స్టాండ్ వీపుకి అతుక్కున్నాక తెలిసింది. మా వీధి చివర పార్కులో గుట్ట ఎక్కి దిగా, ఊగట్లేదు, కుట్టు మీద లాగుడు లేదు. ఒక కుక్కని తిప్పుతున్న ఆవిడ మాత్రం ఎవడ్రా వీడు అన్నట్టు చూసింది.

ఒకటి మిగిలింది. స్ట్రాపుల మిగులు చివర్లు గాలికి టపటపమంటున్నాయి. కోసేద్దామా అంటే వేరే లోడుకి పొడుగు కావాలి. ఇంకా, చెట్టు దగ్గరకెళ్ళాక ఈ మూట ఎలా విప్పాలి చీకట్లో? మూడు స్ట్రాపులు విప్పేసరికి స్టాండ్ కింద పడి మోగుతోంది.

క్లైంబర్_కృష్ణ
మిగులు చివర్లు చుట్టి హెయిర్ రబ్బర్‌బ్యాండ్ వెయ్, మీ ఇంట్లో ఆడపిల్ల ఉంటే ఉచితం 😀

డెట్రాయిట్_బోల్టు
విప్పడం ఇట్లా చెయ్. మూట వీపు మీంచి దించి చెట్టు మొదట్లో ఆకుల మీద బోర్లా పడుకోబెట్టు, నిలబెట్టి విప్పకు. పడుకునే ఉంటే అన్ని స్ట్రాపులు తీసినా స్టాండ్ కదలదు. ముందు బట్టల సంచి, తర్వాత స్టిక్కులు, ఆఖర్న స్టాండ్. అంటే ఎక్కేటప్పుడు ఏది ముందు కావాలో అదే బయట ఉంటది, కట్టేటప్పుడే ఆ వరస చూసుకోవాలి. హార్నెస్ బట్టల సంచి అడుగున పెట్టావో, చీకట్లో అన్నీ తవ్వాలి. నేనైతే హార్నెస్ కారు దగ్గరే వేసుకుని నడుస్తా, ఎక్కేటప్పుడు చెట్టు చుట్టూ వేసుకునే లైన్‌మన్ బెల్ట్ దానికే తగిలించి ఉంటది.

స్టాండ్ వీపున వేసుకుని మాత్రం స్టిక్కులు ఎక్కొద్దు. కొందరు ఎక్కుతారు, వీడియోలు కూడా పెడతారు. బరువు వెనక్కి లాగుద్ది, కొమ్మకి తగులుకుంటే అంతే. స్టిక్కులు కట్టుకుంటా లైన్‌మన్ బెల్ట్ వేసుకుని పైకెళ్ళి, అక్కడ హార్నెస్ టెథర్ తాడు చెట్టుకి కట్టుకున్నాక స్టాండ్‌ని తాడుతో పైకి లాక్కో. నువ్వు కింద ఉన్నప్పుడే తాడు స్టాండ్‌కి కట్టి, రెండో కొస బెల్ట్‌కి తగిలించి ఎక్కాలి. బ్యాగు కూడా అట్లానే.

సర్‌ప్లస్_బాబాయ్
స్టాండ్ అక్కడే వదిలి రావచ్చు కదా అని ఎవరూ అనలేదేంటి? మిషిగన్‌లో పబ్లిక్ ల్యాండ్ మీద సెప్టెంబర్ 1 నుంచి మార్చి 1 దాకా స్టాండ్ ఉంచుకోవచ్చు, దాని మీద పేరు, అడ్రస్ లేదా డీఎన్‌ఆర్ (రాష్ట్ర సహజవనరుల శాఖ) స్పోర్ట్‌కార్డ్ నంబరు చెరిగిపోకుండా రాసి ఉండాలి. మేకులు, స్క్రూ మెట్లు చెట్టుకి దిగ్గొట్టకూడదు. రోజూ మోసే బాధ తప్పుద్ది.

గోదారోడు_గ్రాండ్‌రాపిడ్స్
ఆలోచించా బాబాయ్. పబ్లిక్ ల్యాండ్‌లో వదిలిన స్టాండ్ మీద వేరేవాళ్ళు ముందే వచ్చి కూర్చుంటారంట కదా, ఎత్తుకెళ్ళేవాళ్ళూ ఉన్నారంట. పైగా గాలి మారితే నేనూ చెట్టు మారాలి. మోసుకునే తిరుగుతా.

పేరు, నంబరు మాత్రం మోసుకెళ్ళే స్టాండ్ మీద కూడా రాసేస్తా, స్టాండ్ కమ్మీ లోపలి వైపు పెయింట్ పెన్‌తో.

పెన్సిల్వేనియా_అక్క
పెయింట్ పెన్ సరే, ఎండాక దాని మీద నెయిల్ పాలిష్ పారదర్శకంది ఒక పూత వెయ్యండి, లేకపోతే స్ట్రాప్ రాసుకుని నంబరు చెరిగిపోతుంది. స్ట్రాప్ తగలని చోట రాస్తే ఇంకా మంచిది.

సర్‌ప్లస్_బాబాయ్
ఆలిస్ ఫ్రేమ్ ఒకటి నా దగ్గర ఊరికే పడుంది, షెల్ఫ్‌తో సహా. లాన్సింగ్ వైపు ఎవరన్నా వస్తే మెసేజ్ పెట్టండి. డబ్బులొద్దు, గోంగూర పచ్చడి సీసా ఒకటి చాలు.

పాలమూరు_పోరడు
బాబాయ్ నేను వస్తున్న. పచ్చడి మా అమ్మ పెట్టిందే, ఎండుమిర్చిది, కారం ఎక్కువుంటది, నడుస్తదా?